చంద్రుడి మీద తేమ, మండీలో తేమ: ఉష్ణోగ్రత రాయని రీడింగు చెల్లదు

చంద్రుడి నేల మీద నీటి జాడ పొద్దున ఎక్కువ, మిట్టమధ్యాహ్నం తక్కువ, సాయంత్రానికి మళ్లీ ఎక్కువ. ఇది నిజమైన మార్పే, కొలతలో దొర్లిన పొరపాటు కాదు. చంద్రయాన్-1 మీది ఎం3 పరికరం (నేల ఖనిజాలను కాంతితో గుర్తించే నాసా పరికరం) 2009లో ఆ జాడ పట్టిన సంగతి అందరికీ తెలుసు. చంద్రుడి మీద సూర్యోదయం నుంచి మరో సూర్యోదయానికి మనకు 29.5 రోజులు. మధ్యరేఖ దగ్గర నేల మధ్యాహ్నానికి సుమారు 120 డిగ్రీలకు కాగుతుంది.

కాదనేవాళ్ల దగ్గరా గట్టి వాదనే ఉంది. నీరు, హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన జత) 3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుతురును పీల్చుకోవడంతో స్పెక్ట్రంలో, అంటే ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుతురు వచ్చిందో చూపే గీతలో, గుంట పడుతుంది. కాగిన నేల అదే చోట సొంతంగా పరారుణ కాంతి వెదజల్లి ఆ గుంటను పూడ్చేస్తుంది. లెక్కలో ఆ వేడిని తక్కువగా తీసేస్తే ఉన్న నీరు మాయమవుతుంది, ఎక్కువగా తీసేస్తే లేని నీరు పుట్టుకొస్తుంది. పైగా ఎం3 చూపు 3 మైక్రాన్ల దగ్గరే ఆగిపోయింది. వేడిని మరోలా సరిచేస్తే పగటి మార్పు దాదాపు కనబడదని 2018లో బ్యాండ్‌ఫీల్డ్ బృందం చెప్పింది.

అయితే అతినీలలోహిత కాంతికి ఈ చిక్కే లేదు. ఎంత కాగినా నేల ఆ కాంతిని వెలువరించదు. చంద్రుడి చుట్టూ తిరిగే నాసా ఎల్ఆర్ఓ నౌకలోని ల్యాంప్ పరికరం చూసేది ఆ కాంతినే. అందులోనూ మధ్యాహ్నానికి నీటి జాడ తగ్గుతోందని 2019లో హెండ్రిక్స్ బృందం చూపించింది. వేడి నేల మీంచి లేచిన అణువులు చల్లని చోట వాలుతున్నాయన్నది వాళ్ల వివరణ. వేడితో పనిలేని సాక్ష్యం ఇది. నా మట్టుకు వివాదం ఇక్కడే తేలింది. తేలనిది మార్పు ఎంత అన్నదే.

దాన్ని తేల్చే సామగ్రి మన చేతిలోనే ఉంది. చంద్రయాన్-2 మీది పరారుణ పరికరం ఐఐఆర్ఎస్ 5 మైక్రాన్ల దాకా చూస్తుంది కాబట్టి నేల వేడిని అదే డేటా నుంచి అంచనా కట్టొచ్చు. ఇస్రో డేటా పంచే ప్రదాన్ పోర్టల్‌లో అది ఉచితం. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ కాలేజీల పిల్లలు ఈ పని చేయగలరు. పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఒకే చోటును పోల్చాలి. ఇక్కడి పొద్దును మరోచోటి మధ్యాహ్నంతో పోలిస్తే బయటపడేది ఖనిజాల తేడా, నీటి తేడా కాదు. వేడిని కనీసం రెండు పద్ధతుల్లో తీసి చూడాలి. రెండింటా నిలిచిన మార్పునే నమ్మాలి.

ఈ క్రమశిక్షణ మన ధాన్యం మండీలకూ కావాలి. అక్కడ 17 శాతం తేమ దాటితే రైతుకు తిప్పలే. విద్యుత్ నిరోధంతో కొలిచే మీటరు, ఉష్ణోగ్రత సవరణ లేకపోతే, ఎండలో కాగిన ధాన్యానికి తేమ ఎక్కువ చూపుతుంది. సవరణ ఉన్నా, మీటరు నీడలోనూ ధాన్యం ఎండలోనూ ఉంటే ఆ సవరణ తప్పుతుంది. రెండింటినీ కాసేపు ఒకే నీడలో ఉంచాలి. బస్తా పైన, మధ్యన, అడుగున మూడు నమూనాలు తీసి సగటు కట్టాలి. చీటీ మీద శాతం పక్కనే కొలిచిన వేళ, ధాన్యం ఉష్ణోగ్రత రాయాలి. ఆ రెండు అంకెలు లేని చీటీ చూపించి తరుగు తీస్తామంటే ఒప్పుకోకూడదు.