సవరణ: జిమ్ మార్టిన్ తూటాకు బలి కాలేదు

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా కుర్ర సైనికుడు జేమ్స్ చార్లెస్ (జిమ్) మార్టిన్ 16 ఏళ్ల వయసులో టర్కీ తీరాన గల్లిపోలీలోని లోన్ పైన్ పోరులో తూటా తగిలి చనిపోయాడని, అక్కడే సమాధి ఉందని మొన్న రాశాను. మూడూ తప్పే. క్షమించండి.

జిమ్ 1901 జనవరి 3న పుట్టాడు. చనిపోయేనాటికి 14 ఏళ్ల 9 నెలలు. లోన్ పైన్ పోరు 1915 ఆగస్టులోనే ముగిసింది. 21వ బెటాలియన్‌తో అతను గల్లిపోలీలో దిగింది సెప్టెంబరులో. అంతకు కొద్ది రోజుల ముందే వాళ్లు ఎక్కిన సౌత్‌లాండ్ ఓడను టార్పెడో కొట్టింది. పిల్లాడు నాలుగు గంటలు సముద్రంలో ఉన్నాడు. అయినా కందకాలకు వెళ్లాడు.

అక్కడ అతన్ని తీసుకుపోయింది టైఫాయిడ్. అక్టోబరు 25న గ్లెనార్ట్ కాజిల్ అనే ఆసుపత్రి ఓడకు చేర్చిన సాయంత్రమే గుండె ఆగింది. దేహాన్ని సముద్రానికే అప్పగించారు. లోన్ పైన్ స్మారకం మీద ఉన్నది పేరు మాత్రమే. దాన్ని చూసే సమాధి అనుకున్నాను.

ఇంకో మాట. తల్లిదండ్రులకు తెలియకుండా చేరాడని కూడా రాశాను. నిజానికి, ఒప్పుకోకపోతే వేరే పేరుతో చేరి ఉత్తరాలు కూడా రాయనన్నాడు. ఆ భయంతోనే అమ్మ అనుమతి రాసిచ్చింది. ఆమె గురించి ఆ ఒక్క వాక్యం తప్పుగా రాసినందుకే నాకు ఎక్కువ బాధగా ఉంది.