సింగారం ఎవరి కోసం?

పూర్వపక్షి: అయ్యా, ఆత్మగౌరవం లోపలే ఉందని, పైమెరుగులు దానికి పిసరంత కూడా చేర్చలేవని మీరంటారు. మంచి బట్ట కట్టుకొని ప్రార్థనకు వెళ్లే మనిషిలో భక్తి లేదనగలరా?

సిద్ధాంతి: అనలేను. అయితే ఆ బట్ట లేనినాడు దైవం ముందు నిలవడానికి అతడు జంకితే, అంతవరకు నమస్కరించింది అతడా, అతడి బట్టా అని అడగక తప్పదు. 12వ శతాబ్దపు శివశరణి అక్కమహాదేవి వైభవంతోపాటు వస్త్రాన్నీ విడిచి, కురులే ఆచ్ఛాదనగా కల్యాణ నగరం చేరినప్పుడు, అన్నీ విడిచినదానివి కురులతో దేహాన్ని ఎందుకు కప్పుకున్నావని అక్కడి శివశరణుల సభకు పెద్దయిన అల్లమప్రభువు నిలదీశాడని వీరశైవ సంప్రదాయం చెబుతుంది. పండు లోపల పక్వానికి రానిదే పైతొక్క రాలదని, చూసేవారు నొచ్చుకోకూడదనే కప్పుకున్నానని ఆమె బదులిచ్చింది. నగలెలాగూ లేని ఆమె దగ్గర ఆ సభ పరీక్షించినది త్యాగాన్ని. త్యాగాన్ని కూడా సింగారంగా ధరించవచ్చునని అల్లమునికి తెలుసు.

పూర్వపక్షి: విడవడానికి ఏదో ఒకటి ఉన్నవారి కథ చెప్పారు. దక్షిణాదిలోని తిరువాన్కూరు సంస్థానంలో, తక్కువవారిగా చూడబడిన నాడార్ కులపు స్త్రీలు ఎదపై బట్ట కప్పుకొనే హక్కు కోసం దశాబ్దాలపాటు పోరాడారు. 1859లో రాజు అనుమతించాడు, అదీ అగ్రవర్ణ స్త్రీల తీరున కప్పుకోరాదన్న షరతుతో. గౌరవం లోపలే ఉంది, బట్టతో పనేమిటన్న మీ మాట ఆనాటి అణచివేతదారులకు ఎంత ఇంపుగా ఉండేదో ఆలోచించండి.

సిద్ధాంతి: ఆ దెబ్బ నాకు తగలవలసిందే. నిరాడంబరతను ఎవరికి వారు వరించాలి. ఇంకొకరిపై రుద్దితే అది దౌర్జన్యం. అయినా ఒక్కటి అడుగుతాను. తమకు గౌరవమే లేదని నమ్మి ఉంటే ఆ స్త్రీలు పోరాడేవారా? అది ముందే వారిలో ఉంది గనుకనే అవమానం అవమానంగా తోచింది. బట్ట వారి హక్కు. హక్కును లాక్కోవచ్చు, అడ్డుకోవచ్చు, షరతులు పెట్టి విదిలించవచ్చు. దానికోసం వారిని లేపి నిలబెట్టిన ఆ గౌరవాన్ని మాత్రం ఏ రాజూ ఇవ్వలేదు.

పూర్వపక్షి: లోపల ఉందని వారు ఊరుకోలేదు కదా! బయట గుర్తింపు కావాలనే కోరారు.

సిద్ధాంతి: కోరారు. న్యాయంగానే కోరారు.

పూర్వపక్షి: పోనీ, ముతకబట్టను చూపించుకొని మురిసే మీ నిరాడంబరుల సంగతి?

సిద్ధాంతి: అలాంటివారు ఉన్నారు. ఇంగ్లండులో క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు ఆడంబరాన్ని నిరసించి సాదా దుస్తులు ఎంచుకున్నారు. కాలక్రమంలో అందరికీ ఒకే తీరు, ఒకే రంగు ఉండాలన్న పట్టుదల వారిలో పెరిగింది. ఆ ఉద్యమానికి తొలినాళ్ల నుంచి అండగా నిలిచిన మార్గరెట్ ఫెల్, ఎనభై దాటిన వయసులో, 1700లో, ఇది తెలివిమాలిన సువార్త అని మందలించింది. నా అభ్యంతరం కూడా ఆమెదే: మనిషి తన విలువను పట్టుపై ఆనించినా, ముతకపై ఆనించినా ఆనించింది బట్టపైనే.

పూర్వపక్షి: అలాగైతే నగలు పెట్టుకున్నవారిలోనూ మీరు చెప్పే గౌరవం ఉండవచ్చునా?

సిద్ధాంతి: నిస్సందేహంగా ఉండవచ్చు. ఉందో లేదో వారి మెడ చూసి చెప్పే అధికారం మీకూ లేదు, నాకూ లేదు.