మా ఇంటి మారుతి 800కి సంజాయిషీ నోటీసు

మహారాజశ్రీ మారుతి 800 గారికి,

తమరు 1995 నుంచి మా ఇంట్లో విధుల్లో ఉన్నారు. ఇన్నేళ్లుగా తమరి ప్రవర్తన మీద కుటుంబ సభ్యులు, ముఖ్యంగా హైదరాబాదులో ఉండే మా బావగారు, తీవ్ర అసంతృప్తి వ్యక్తం చేసినందున ఈ నోటీసు జారీ చేయడమైనది. అందిన వారం రోజుల్లోగా సంజాయిషీ ఇచ్చుకోవలెను. ఇక 'తమరు' ఇక్కడితో ఆపేస్తున్నా. మన మధ్య అంత మర్యాద ఎప్పుడూ లేదు.

అసలు నేరం ఒక్కటే. పొద్దున్నే చోక్ లాగి తాళం తిప్పగానే స్టార్టయిపోవడం. మొదట్లోనే నాలుగుసార్లు మొరాయించి ఉంటే "వీళ్ల బండిని నమ్ముకోలేం" అని చుట్టాల్లో పేరు పడిపోయేది, మేం హాయిగా బతికేవాళ్లం. వేరే ఊళ్లో కారుంటే దర్జా. తిరుపతిలో కారుంటే అదో ఉద్యోగం, అదీ జీతం లేనిది. "మీకేమమ్మా, స్వామి పాదాల దగ్గరే ఉన్నారు" అని ఫోన్లో ఎవరన్నా అన్నారంటే, ఏ రైలు, ఎంతమంది అని మా అమ్మ వెంటనే అడిగేస్తుంది. దర్శనం టికెట్లకు నెలల ముందే కంప్యూటర్ల ముందు కాచుక్కూర్చునే మహానుభావులకు, రేణిగుంట స్టేషన్ నుంచి ఇంటికి ఎట్లా రావాలన్న ఆలోచన మాత్రం ఒక్కరికీ రాదు. ఎందుకొస్తుంది, నువ్వున్నావుగా!

నీ ఆర్‌సీలో ఎంతమంది కూర్చోవచ్చని రాసుందో మేం ఎన్నడూ చదవలేదు. చదివితే మనసు కష్టపెట్టుకోవాలి. ముందు సీట్లో పెద్దాయన, వెనక నలుగురు ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు, పిల్లల ఒళ్లో సంచులు. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు, బొమ్మ కారుకున్నట్టు పన్నెండంగుళాల చక్రాలు. ఈ మాత్రం సరంజామాతో ఆ సంసారాన్నంతా ఎత్తుకొని అలిపిరి దాటి, 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు ఎక్కుతావు. పై మలుపుల్లో రెండో గేరు కూడా చాలక మొదటి దానిలోకి దిగుతావు. ఏసీ కావాలంటే ఎక్కడం కుదరదు, ఎక్కాలంటే ఏసీ కుదరదు. "గోవిందా గోవిందా" అని వెనక సీటు వాళ్లు అరిచేది భక్తితోనా, బండి వెనక్కి జారుతుందన్న భయంతోనా అన్నది నాకిప్పటికీ తెలియదు.

కొండెక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం వాళ్ల నిబంధన. అంతకన్నా ముందు చేరితే అతివేగం కింద లెక్క. ఎక్కేటప్పుడు ఈ నిబంధనను అతిక్రమించే శక్తి నీకు ఆ దేవుడే ఇవ్వలేదు కాబట్టి మాకు టెన్షన్ లేదు. దిగేటప్పుడే చిక్కు. 1944 నాటి పాత ఘాట్ రోడ్డు, వరసగా మలుపులు, కింద రైలు టైమవుతోందని బావగారి కేకలు. బ్రేకు తొక్కుకుంటూ పోతే వేడెక్కి పట్టు తప్పుతుందని మా నాయన రెండో గేరులోనే దించుతాడు. "ఎద్దులబండి నయం" అంటారు బావగారు. అందరూ గుండ్లు కొట్టించుకుని దిగొచ్చినా బరువు తగ్గింది లేదు, పైగా లడ్డూలు చేరి పెరిగింది.

ఆ లడ్డూల సంగతి నీ మీద రెండో అభియోగం. వెనక సీటు ఎడమ పక్కన అరచేయంత నెయ్యి మరక ఉంది. ఏ ఏడాది, ఎవరి లడ్డూ కవరు కారిందో ఎవరూ ఒప్పుకోరు. సర్ఫుతో రుద్దాం, శనగపిండి చల్లాం, సీటు కవరు మార్చాం. కొత్త కవరు మీద కూడా అదే చోట తేలింది. తలుపు సందులోంచి ఎర్రచీమలు బారులు తీరి వచ్చి దాని చుట్టూ తిరిగి వెళ్తుంటాయి. పెట్రోలు వాసన రావలసిన కారులో పచ్చకర్పూరం, యాలకుల వాసన వస్తుంది. అలిపిరి తనిఖీలో డిక్కీ తెరిచిన సెక్యూరిటీ అతను ఒకసారి గట్టిగా పీల్చి, ఏమీ వెతక్కుండానే పొమ్మన్నాడు.

మూడోది, ఎండాకాలంలో కాణిపాకం దారిలో ఆగిపోవడం. పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి పంపుకు అందదు, తడిగుడ్డ కప్పి చల్లారేదాకా ఆగాలి, అంతే. దానికి బావగారు కొండమీద కొన్న కొత్త పట్టు కండువానే దొరకాలా? మా నాయన చేతికి అదే తగిలింది మరి. ఇందులో నీ తప్పేమీ లేదని నేను వేరే కాగితం మీద రాసి పెట్టుకున్నా.

తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాలు కట్టి బూతులు తిట్టడం మా ఊరి ఆనవాయితీ. అది ఏడాదికి ఒక్క వారం. నిన్ను మా నాయన తిట్టడానికి జాతర అక్కర్లేదు, వేషమూ అక్కర్లేదు. అదే మనిషి 2021 నవంబరులో వాన ఊరంతా ముంచెత్తి, నీ సీట్ల దాకా నీళ్లొచ్చిన రాత్రి గొడుగేసుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు. నీళ్లు తీశాక పక్కింటి కొత్త కారు కంప్యూటర్ పోయిందని లారీ ఎక్కింది. నీకు పోవడానికి కంప్యూటరే లేదు. కొర్లగుంట మేస్త్రీ ప్లగ్గులు విప్పి తుడిచి, ఆయిలు మార్చి, కార్బురేటర్ కడిగి, ఊడిన సైలెన్సర్‌ను బైండింగ్ వైరుతో బిగించి "పుత్తూరు కట్టు కట్టినా సార్, ఇంక కదల్దు" అన్నాడు. ఇప్పటికీ కదల్లేదు. మోత మాత్రం నువ్వు లీలామహల్ సర్కిల్లో ఉండగానే ఇంటికి వినిపిస్తుంది, అమ్మ కాఫీకి పాలు పెట్టేస్తుంది.

ఇక అసలు విషయానికొస్తా. నీ కంపెనీ వాళ్లు 2014 జనవరిలోనే నిన్ను తయారు చేయడం మానేశారు. 2022లో జిల్లా చీలి మేం తిరుపతి జిల్లా వాళ్లమయ్యాం, నువ్వింకా చిత్తూరు ఏపీ 03 పలకేసుకుని తిరుగుతున్నావు. 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేస్తే, ముప్పై ఏళ్ల అద్దం మీద అదీ అంటించాం, ముసలమ్మకు స్టిక్కరు బొట్టు పెట్టినట్టు. అదే నెలలో కేంద్రం ఇరవై ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 10 వేలు చేసింది. నీ గడువూ ఆ ఏడాదితోనే తీరింది.

దాంతో ఇంట్లో మీటింగు. బావగారు ఫోన్లో స్పీకర్ మీద హాజరయ్యారు. ఈ డొక్కుకు పదివేలు దండగని, తుక్కు కింద వేసేయమని గట్టిగా చెప్పారు. ఆయనకు హైదరాబాదులో ఇంత ఎత్తున పెద్ద బండి ఉంది. ఘాట్ రోడ్డులో క్లచ్ పాడవుతుందని దాన్ని ఇంతవరకూ తిరుపతికి తేలేదు, రైల్లోనే వస్తారు. మా అమ్మ అంతా విని, "సరే బాబూ, ఇకనుంచి మీరే రేణిగుంటలో ఆటో మాట్లాడుకోండి" అంది. ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత బావగారు, ఆ కాలం ఇంజన్ల గట్టితనం ఇప్పటివాటికి లేదన్నారు.

పదివేలూ కట్టేశాం. ఫిట్‌నెస్‌కు వెళ్లేముందు ఆ బైండింగ్ వైరు తీసి కొత్త సైలెన్సర్ వేయిస్తాం. పై అభియోగాలన్నీ రుజువైనందున నీ రిటైర్మెంట్ దరఖాస్తు, నువ్వు పెట్టకపోయినా, తిరస్కరించడమైనది. శుక్రవారం తెల్లవారుజామున రేణిగుంట డ్యూటీ. బావగారి వియ్యాలవారు, తొమ్మిది మంది. లగేజీ తక్కువేనట.

ఇట్లు,
నీ వెనక సీట్లో పెరిగిన చిన్నోడు