పూరీ వెళ్తే రఘురాజ్‌పూర్ కూడా వెళ్లండి, అచ్చు పటం మాత్రం తేవద్దు

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్లలో చాలామందికి పూరీ అంటే దర్శనం, సముద్రస్నానం, ఖాజా పొట్లం, తిరుగు రైలు. ఊరికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలోని రఘురాజ్‌పూర్‌కి ఒక పూట కూడా ఇవ్వరు. ఇది నాకు నిజంగా బాధ.

రఘురాజ్‌పూర్ చిత్రకారులు బట్ట మీద గీసే పటచిత్రం గుడికి సంబంధం లేని షోకు వస్తువు కాదు. స్నానపూర్ణిమ తర్వాత స్వామికి జ్వరం. రథయాత్ర ముందు వరకు, ఆ అనసర రోజుల్లో మూలమూర్తుల దర్శనం ఉండదు. అప్పుడు పూజలందుకునేవి చిత్రకారులు గీసిన అనసర పటాలే. అంత పెద్ద క్షేత్రంలో దేవుడి స్థానంలో నిలబడే బొమ్మ అది. దాన్ని బీచ్ బజారులో కీచైన్ల పక్కన బేరమాడి కొంటున్నాం, అదీ ప్రింటు!

అసలు పటం ఎలా తయారవుతుందో తెలిస్తే మోసపోరు. పాత నూలుబట్టను రెండు పొరలు చింతగింజల జిగురుతో అతికి ఎండబెడతారు. దాని మీద సుద్దపొడి కలిపిన అదే జిగురు పూసి, ముందు గరుకు రాయితో, తర్వాత నున్నటి రాయితో రుద్దుతారు. తెలుపు శంఖం నుంచి, ఎరుపు ఇంగిలీకం రాయి నుంచి, పసుపు హరిదళం రాయి నుంచి, నలుపు దీపపు మసి నుంచి. రంగు పట్టి నిలవడానికి వెలగబంక.

కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి, బట్ట నేత కనబడాలి. అంచు దగ్గర పొరలు తెలియాలి. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే తెల్లచుక్కలు కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. ఫోన్ కెమెరాతో బాగా దగ్గరగా చూస్తే ప్రింటులో సన్నటి రంగుచుక్కలు బయటపడతాయి, చేతిగీతలో రావు. తాటాకు బొమ్మైతే గంటంతో గీసిన గాట్లు వేలికి తగలాలి. మసి రుద్ది తుడిచాక నలుపు ఆ గాట్లలోనే నిలుస్తుంది. ఇప్పుడు బజారు రంగులు వాడేవాళ్లూ ఉన్నారు, అది తప్పని అనను. కానీ అడిగి తెలుసుకుని, దానికి తగ్గ ధర ఇవ్వండి.

ధర అంటే గుర్తొచ్చింది. మగ్గం మీద పట్టుచీరకి కుంభం అంచు తీసే కష్టం బరంపురం వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి మనమే చిత్రకారుడి అరుగు మీద కూర్చుని సగానికి సగం అడిగితే ఎలా?

కారులో భువనేశ్వర్ మీదుగా వెళ్తే ముందు పిపిలి వస్తుంది, రంగుగుడ్డ ముక్కలు అతికి కుట్టే చాందువా పని అక్కడే. అది దాటాక, పూరీ ఇంకా రాకముందే చందన్‌పూర్ దగ్గర పక్కకి తిరగాలి. రైల్లో పూరీ దిగితే ఆటో మాట్లాడుకోండి, వెయిటింగ్‌కి ఎంతో ముందే తేల్చుకోండి. ఉదయం వెళ్లడం మంచిది, ఇళ్ల అరుగుల మీద పని చేస్తూ కనబడతారు. ఒడిస్సీ గురువు కేలూచరణ్ మహాపాత్ర పుట్టిన ఊరు కూడా అదే. మగపిల్లలు ఆడవేషంలో ఆడే గోటిపువా నాట్యం నేర్చుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

సముద్రంలో దిగేవాళ్లకి ఒక మాట. పూరీ అల లోపలికి లాగుతుంది. స్నానానికి తోడు వచ్చే వెదురు టోపీ మత్స్యకారుడు, అంటే నోలియా, లేకుండా నడుం లోతు దాటొద్దు. పెంటకోట మత్స్యకారులు తెలుగువాళ్లే, తెలుగులోనే అడగండి.

పటాన్ని మడవకండి, సుద్దపూత పగిలిపోతుంది. బొమ్మ బయటికి వచ్చేలా లావుపాటి గొట్టానికి వదులుగా చుట్టి తేవాలి. ఫ్రేమ్ కట్టిస్తే అద్దానికీ బొమ్మకీ మధ్య ఖాళీ ఉంచమనండి, లేకపోతే మన గంజాం వానాకాలం తేమకి రంగు అద్దానికి అతుక్కుంటుంది. తడిగుడ్డ అసలు తగలనివ్వొద్దు, జిగురు కరుగుతుంది. ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో ఆర్సెనిక్ ఉంటాయి కనుక చిన్నపిల్లల చేతికి అందని గోడకే తగిలించండి.