తదితరులు పాల్గొన్నారు

విజయవాడలో అందరికంటే ఎక్కువ సభలకు హాజరైన వ్యాపారి ఎవరు? మా అధ్యక్షులవారు అనుకుంటే పొరపాటు. గౌరవాధ్యక్షులవారైతే మోకాళ్లు సహకరించిన రోజునే వస్తారు. జిల్లా పేజీ ఒకసారి తిరగెయ్యండి. జీఎస్టీ అవగాహన సదస్సు, మజ్జిగ చలివేంద్రం, షోరూం ప్రారంభం, నూతన కార్యవర్గ ప్రమాణ స్వీకారం, రక్తదాన శిబిరం. ప్రతి వార్త చివరి వాక్యంలో ఒక్క పెద్దమనిషి మాత్రం తప్పకుండా ఉంటాడు. "ఈ కార్యక్రమంలో ఫలానావారు, ఫలానావారు, తదితరులు పాల్గొన్నారు." ఈ తదితరులు అనే ఆయన ఒక్క సభ ఎగ్గొట్టడు, శాలువా అడగడు, కుర్చీ దొరక్కపోయినా అలగడు. చప్పట్లు మొత్తం ఆయనవే.

ఆయన గురించి రాసే హక్కు నాకు పూర్తిగా ఉంది. వన్‌టౌన్‌లో నాది స్టీలు సామాన్ల కొట్టు. ఆ పైన మా వర్తక సంఘానికి ప్రచార కార్యదర్శిని. అంటే, తదితరులను తయారుచేసేది నేనే.

ప్రెస్‌నోట్ సభ అయ్యాక రాస్తారని బయటివాళ్లు అనుకుంటారు. విలేకరికి సాయంత్రం ఆరుకల్లా వార్త చేరాలి. మా సభ ఆరింటికని కార్డు వేస్తాం, ఏడున్నరకు జ్యోతి వెలిగిస్తాం. కాబట్టి మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడే రాసేస్తాను. (మధ్యాహ్నాలు కొట్టు ఖాళీగా ఉంటోందన్న సంగతి నోట్‌లో ఉండదు. అది వార్త కాదు.) "వర్తకుల సమస్యలను ప్రభుత్వం దృష్టికి తీసుకువెళ్తానని ముఖ్య అతిథి హామీ ఇచ్చారు" అని మూడింటికి రాస్తే, రాత్రి ఎనిమిదింటికి ఆయన వచ్చి అక్షరం పొల్లుపోకుండా అదే హామీ ఇస్తారు. ఒక్కసారి మాత్రం లెక్క తప్పింది. ముఖ్య అతిథి రాలేదు. హామీ మర్నాడు పేపర్లో వచ్చింది. తేడా ఎవరూ కనిపెట్టలేదు, ఆయనతో సహా.

కష్టమంతా పేర్ల దగ్గరే. మా సంఘంలో సభ్యులు నూట పాతిక మంది, పదవులు నలభై ఒకటి. కార్యనిర్వాహక అధ్యక్షుడు ఉన్నాడు, వర్కింగ్ ప్రెసిడెంట్ ఉన్నాడు. రెండూ ఒకటే కదా అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు. ఒకటెలా అవుతాయి, ఆయన తెలుగులో పనిచేస్తాడు, ఈయన ఇంగ్లీషులో. కిందటి ఎన్నికల్లో ఓడిపోయిన ప్యానెల్‌ను ఊరుకోబెట్టడానికి సలహా మండలి అని ఒకటి పెట్టాం. సలహా అడిగితే నిజంగా ఇస్తారేమోనన్న భయంతో ఇంతవరకు అడగలేదు.

ఒకసారి పేజీలో చోటు చాలక విలేకరి ఏడో పేరు దగ్గర కత్తెర వేసి తదితరులు అని పెట్టేశాడు. ఎనిమిదో పేరు మా ఉపాధ్యక్షుల్లో ఒకాయనది. మర్నాడు పొద్దున్నే, ఇంకా బోణీ కూడా కాకముందే, వచ్చి పేపరు గల్లాపెట్టె మీద పడేసి, "ఏమయ్యా, నేను తదితరుణ్ణా?" అన్నాడు. ఆ మాట తిట్టుగా కూడా పనికొస్తుందని నాకు అప్పుడే తెలిసింది. మూడు నెలలు మా కొట్టు మీదుగా పోతూ తల తిప్పుకున్నాడు. పన్ను నోటీసు వచ్చినప్పుడు కూడా మనిషి అంత కుంగలేదు.

ఇక 2025 దసరా నాటి సదస్సు సంగతి. అది మా సంఘ చరిత్రలో సువర్ణాక్షరాలతో రాయదగ్గదని నేనే నోట్‌లో రాశాను. సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ 12, 28 శాతం శ్లాబులు ఎత్తేసింది. 5, 18 మిగిల్చి, విలాసాలకూ వ్యసనాలకూ 40 విడిగా పెట్టింది. కొత్త రేట్లు 22 నుంచి. సరిగ్గా ఆ రోజే నవరాత్రులు మొదలు. కొండ మీద అమ్మవారికి అలంకారం, కొండ కింద వన్‌టౌన్‌కు ట్రాఫిక్ మళ్లింపు. దేశమంతటా సరుకు చవకైన రోజున మా వీధికి రావాలంటే కొనేవాడు బండి ఎక్కడో వదిలి నడిచి రావాలి. గిన్నెల సెట్టు మోసుకుని తిరిగి నడవాలి. అయినా హర్షం వ్యక్తం చేయాలని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. నేను దానికి "ముక్తకంఠంతో" చేర్చాను.

సదస్సు బ్రహ్మాండంగా నడుస్తోంది. ముఖ్య అతిథిని సన్మానించారు. ముఖ్య అతిథిని పిలుచుకొచ్చినాయన్ని సన్మానించారు. ఆయన్ని పరిచయం చేసినాయన్ని సన్మానించబోతుండగా చివరి వరసలోంచి ఒక చెయ్యి లేచింది. శివాలయం వీధి దగ్గర సందులో చిన్న గిన్నెల కొట్టున్న పెద్దాయన. మా నాన్నతో కలిసి లారీ దగ్గర సరుకు దించుకున్న మనిషి, నేను బాబాయ్ అంటాను. వయసు 71. మైకు అందేలోపే అడిగేశాడు.

"అయ్యా, స్టీలు గిన్నెల మీద 12 కట్టి కొన్నాను. ఇప్పుడు 5 వేసి అమ్మాలి. కొన్నప్పుడు ఎక్కువ కట్టిన పన్ను, ఆ మిగిలిన క్రెడిట్, తిరిగిస్తారా?"

వేదిక మీదున్న ఆడిటర్‌గారు "చాలా మంచి ప్రశ్న" అన్నారు. మంచి ప్రశ్న అన్నారంటే జవాబు మంచిది కాదని ఇన్నేళ్ల సభల్లో నేను నేర్చుకున్నాను. రేటు తగ్గినందువల్ల మిగిలే క్రెడిట్‌కు రిఫండ్ రాదు, ముందు ముందు కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు అని చెప్పి, మెమెంటో అందుకోవడానికి లేచారు.

బాబాయ్ మాత్రం కూర్చోలేదు. ఆహ్వాన పత్రిక వెనకవైపు పెన్నుతో లెక్క వేశాడు. తర్వాత నాకు చూపించాడు. పది లక్షల సరుకుకు కట్టిన పన్ను లక్షా ఇరవై వేలు. పదకొండు లక్షలకు అమ్మితే 5 చొప్పున అయ్యేది 55 వేలు. మిగిలింది 65 వేలు. ఇకమీదట పది లక్షల సరుకు 5 కట్టి తెచ్చి మళ్లీ పదకొండుకు అమ్మితే, తేడాగా కట్టాల్సింది 5 వేలు. ఆ 65 వేలు కరగాలంటే సరుకు పదమూడుసార్లు తిరగాలి. ఆయన కొట్లో ఏడాదికి రెండుసార్లు తిరిగితే గొప్ప.

"ఆరున్నరేళ్లురా. నాకు డెబ్బై ఎనిమిదొస్తాయి," అన్నాడు. "అప్పటికి ఇంకో సదస్సు పెడతారా?"

పెడతాం బాబాయ్ అన్నాను. అందులో మా సంఘం మాట తప్పదు. మర్నాడు పేపర్లో ఈ ఘట్టం మొత్తం ఒక్క వాక్యంలో వచ్చింది: "సభ్యుల పలు సందేహాలను నివృత్తి చేశారు." నివృత్తి అన్న మాట నాది. బాగుందని విలేకరి మెచ్చుకున్నాడు.

శాలువాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మా సంఘం వాడకంలో ఎన్ని శాలువాలున్నాయో కోశాధికారికి తెలుసు, పదిహేడు. సన్మానం పొందినవాడు వాటిని ఇంకొకరి సన్మానానికి తీసుకెళ్తాడు, వాళ్లు మూడోవారికి. కిందటి నెల నా భుజం మీద పడినదాని మూలన పాత టీ మరక చూసి గుర్తుపట్టాను. రెండేళ్ల క్రితం నేనే కప్పాను దాన్ని, మా ప్రధాన కార్యదర్శికి. మా సరుకేదీ ఈ శాలువా తిరిగినంత వేగంగా తిరగదు. బాబాయ్ గిన్నెల బదులు శాలువాలు అమ్మి ఉంటే ఆ క్రెడిట్ ఆరు వారాల్లో కరిగిపోయేది.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల మీద పెట్టిన సభ ఇంకా గంభీరమైనది. 2025 ఏప్రిల్ 1 నుంచి నిర్వచనాలు మారాయి. సూక్ష్మ సంస్థకు టర్నోవర్ పరిమితి 5 కోట్ల నుంచి 10 కోట్లకు పెరిగింది. ఏడు కోట్ల టర్నోవర్ ఉన్న మా సభ్యుడొకాయన మార్చి 31 రాత్రి చిన్నవాడిగా పడుకుని పొద్దున సూక్ష్మంగా లేచాడు. ఇంట్లో చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదట.

అదే సభలో 45 రోజుల నిబంధన చర్చకు వచ్చింది. సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుకు, సేవ చేసినవాడికి ఒప్పందం ఉంటే 45 రోజుల్లోగా, లేకపోతే 15 రోజుల్లోగా డబ్బు కట్టెయ్యాలి. కట్టకపోతే ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఏడాదికి ఒప్పుకోరు, కట్టిన ఏడాదికే. మంచి చట్టం అని అందరం చప్పట్లు కొట్టాం. మరి మనకు రావలసిన బాకీలకు కూడా వర్తిస్తుందా అని ఎవరో అడిగారు. వర్తించదట. 2021 జులైలో వర్తకులను కూడా ఉద్యమ్ అనే చిన్న పరిశ్రమల ప్రభుత్వ జాబితాలో చేర్చుకున్నారు గానీ, ఆ చేరిక బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. అంటే మేము కట్టాల్సింది గడువులోపల కట్టాలి, మాకు రావాల్సింది కొన్న పార్టీ దయ. మా పేరు జాబితాలో ఉంది, కానీ చివర్లో ఉంది. చట్టం రాసినవాళ్ల దగ్గర కూడా నాలాంటి ప్రచార కార్యదర్శి ఎవరో ఉన్నట్టున్నాడు.

"సకాలంలో చెల్లిద్దాం, చిన్న పరిశ్రమను బతికిద్దాం" అని ఆ రోజు వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీ ఇరవై అడుగులది. ప్రింటు చేసిన కుర్రాడు ఆర్నెల్లుగా బిల్లు పట్టుకుని మా చుట్టూ తిరుగుతున్నాడు. అతనిది సూక్ష్మ సంస్థే.

యూపీఐ గురించి తీర్మానం ఒకటుంది. 2025 జులైలో కర్ణాటకలో చిన్న వ్యాపారులకు యూపీఐ జమల లెక్కన పన్ను నోటీసులొచ్చాయి. హావేరిలో కూరగాయలమ్ముకునే అతనికి 29 లక్షలు కట్టమన్నారు. బెంగళూరు బడ్డీకొట్ల మీద "నో యూపీఐ" బోర్డులు లేచాయి. దాన్ని మేమూ తీవ్రంగా ఖండించాం. ఖండన సభ చందా, రెండొందలు మనిషికి, క్యూఆర్ కోడ్‌తో వసూలు చేశాం. అధ్యక్షులవారు "నగదే మన ఊపిరి" అంటున్న క్షణాన సౌండ్ బాక్సు "రెండు వందల రూపాయలు అందాయి" అని అరిచింది. సభలో చప్పట్లు దానికే ఎక్కువ పడ్డాయి.

ఈ సంక్రాంతి ముందు శివాలయం వీధి దగ్గర ఒక షోరూం తెరిచారు. మూడు పాత కొట్ల గోడలు కొట్టేసి ఒకటి చేశారు. గాజు తలుపులు, ఏసీ, రిబ్బను కత్తిరించడానికి సినీతార. ముఠా కూలీలు కూడా బస్తాలు దించి చూశారు. కార్యవర్గం మొత్తం హాజరైంది. నేను మామూలుగానే మధ్యాహ్నం నోట్ రాసి పెట్టుకున్నాను. "నగర వాణిజ్య రంగంలో మరో మైలురాయి" అని మొదలుపెట్టి, పదహారు పేర్లు వరస తప్పకుండా వేశాను.

మూడు కొట్లలో మధ్యది బాబాయ్‌ది. 65 వేల క్రెడిట్ ఇంకా చాలావరకు ఖాతాలోనే ఉందట. ప్రారంభానికి పిలిస్తే వచ్చాడు. ఉతికిన పంచె కట్టుకుని, తన పాత గల్లాపెట్టె ఉండే చోట ఇప్పుడు పెట్టిన అద్దాల బల్ల దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఫోటో తీస్తుంటే ఎవరో పక్కకు జరగమన్నారు, జరిగాడు. స్వీటు పొట్లం మనవరాలికని జేబులో పెట్టుకున్నాడు.

రాత్రి ఫోన్ చేశాడు.

"ఒరే, రేపు పేపర్లో వస్తుందా?"

"వస్తుంది బాబాయ్. సిటీ పేజీలో, ఫోటోతో."

"నా పేరు ఈసారన్నా రాశావా?"

నోట్ ఎదురుగానే ఉంది. పదహారో పేరు తర్వాత కామా, ఆ తర్వాత ఒక్క మాట.

"చివర్లో ఉన్నావు బాబాయ్," అన్నాను.