లెక్కల సారు కొన్న టీవీ

మా బావ లెక్కల సారు. కూరగాయల అంగట్లో తక్కెడ మీద, పెండ్లిలో చదివింపుల పుస్తకం మీద, కిరాణా కొట్టు చీటీ మీద ఆయన కన్ను పడితే ఎక్కడో ఒకచోట తప్పు దొరకాల్సిందే. అలాంటి మనిషి ఈ ఎండాకాలం నల్లగొండలో టీవీ కొన్నాడు. టీవీ డబ్బా మీద పదో తరగతి లెక్కల పుస్తకంలో కన్నా ఎక్కువ అంకెలుంటాయని ఆయనకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

క్లాక్ టవర్ సెంటర్ నుంచి ట్రాలీ ఆటోలో టీవీ ఇంటికి చేరగానే ఆయన టేపు తెచ్చాడు. డబ్బా మీద 55 అంగుళాలు, 139 సెంటీమీటర్లు అని ఉంది. తెరకు అడ్డంగా టేపు పెడితే 122 దగ్గర ఆగిపోయింది.

"పదిహేడు సెంటీమీటర్లు మింగిండు బామ్మర్దీ!" అంటూ చెప్పులు వెతుక్కున్నాడు. షాపు కట్టేసేలోపు పోయి గల్లా దగ్గర కూర్చున్నాయన్ని నిలదీయాలని. మా మేనల్లుడు చింటు ఇంటర్ చదువుతున్నాడు. వాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే "డాడీ, మూల నుంచి మూలకు" అన్నాడు.

బావ ఒక కాలికి చెప్పుతో ఆగిపోయాడు. అడ్డం 122, నిలువు అరవై ఎనిమిదిన్నర. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే దగ్గర దగ్గర 140. పైథాగరస్ సిద్ధాంతం. ఏటా పదో తరగతికి బల్ల గుద్ది మరీ చెప్పే పాఠం. హాల్లో ఎవ్వరం నవ్వలేదు. నవ్వితే ఆ నెల పాకెట్ మనీ ఉండదని చింటుకు తెలుసు, ఆ పూట చాయ్ ఉండదని నాకు తెలుసు.

టీవీలను కర్ణంతో కొలవడం ఎప్పటి నుంచో ఉన్న రివాజే. కొనేవాడికి పెద్ద అంకె కనిపించాలి గదా! ఈ సంగతి బావ ఎంత తొందరగా ఒప్పుకున్నాడంటే, సాయంత్రం చూడ్డానికి వచ్చిన పక్కింటాయనకు "కర్ణం 55 అంగుళాలు" అని ఆయనే వివరించాడు.

తర్వాత ఫోర్‌కే మీద పడ్డాడు. ఫోర్‌కే అంటే నాలుగు వేలు గదా, ఏవి ఆ నాలుగు వేలు? తెర మీద అడ్డంగా ఉండే చుక్కలు 3,840. నిలువుగా 2,160. "నూట అరవై తక్కువున్నయ్" అన్నాడు. అది సరే, పాత ఫుల్ హెచ్‌డీని 1080 అని నిలువు లెక్కతో పిలిచినవాళ్లే ఫోర్‌కే దగ్గరికి వచ్చేసరికి అడ్డం లెక్కకు ఎందుకు మారారు? ఈ విషయంలో నేను పూర్తిగా బావ పక్షం. నిలువు లెక్కే చెబితే వెయ్యి ఎనభై నుంచి రెండు వేల చిల్లరకు పెరిగినట్టు ఉంటుంది. అడ్డం చెబితే ఒక్కసారిగా నాలుగు వేలు. పరీక్షలో ఏ పిల్లగాడైనా మధ్యలో ఇట్లా కొలత మారిస్తే బావ సున్నా వేసేవాడు.

షాపు బిల్లు వెనక గుణకారం మొదలైంది. 82,94,400 చుక్కలు. ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు. అక్కడితో ఆగితే అందరం అన్నం తిని పడుకునేవాళ్లం. వాళ్లింట్లో డిష్షు డబ్బాకు ఉన్నది మామూలు ఎస్‌డీ ప్యాకు. ఆ బొమ్మలో చుక్కలు అడ్డంగా 720, నిలువుగా 576, మొత్తం 4,14,720. ఫోర్‌కే చుక్కలను ఆయన ఈ ఎస్‌డీ చుక్కలతో భాగించాడు. ఇరవై వచ్చింది.

"శేషం సున్నా! చూసినవా, శేషం సున్నా!" అని బిల్లు అక్కకు చూపించాడు. అక్క బిల్లు తిప్పి ముందువైపు అంకె చూసి మళ్లీ ఇచ్చేసింది.

ఆ ఇరవైకి అర్థమేమిటో టీవీ పెట్టాక తెలిసింది. డిష్షు ఒక్క చుక్క పంపితే మిగతా పంతొమ్మిది చుక్కలు టీవీ ఊహించుకుని నింపాలి. దీన్ని అప్‌స్కేలింగ్ అంటారు. ఇరవయ్యింట ఒక మార్కుకు జవాబు తెలిసి మిగతా పంతొమ్మిదికి ఊహించి రాసిన పేపర్లు బావ చాలా దిద్దాడు గాని, అట్లాంటి పేపరును డబ్బులిచ్చి గోడకు తగిలించుకోవడం ఇదే మొదలు. వార్తలు చదివే అమ్మాయికి ముక్కేదో మూతేదో తెలియకుండా అలుక్కుపోయింది.

"పాత టీవీల మంచిగనే కనిపించేది గదా" అంది అక్క.

ఆ మాటకు ఇంటికి కొత్త ఫైబర్ నెట్టు, దాంతో పాటు ఒక యాపు వచ్చాయి. చింటుకు రొట్టె విరిగి నేతిలో పడింది.

బొమ్మ కుదిరాక సౌండ్‌బార్ వంతు, అంటే టీవీ కింద పెట్టే పొడుగాటి స్పీకరు. బావ సజ్జ మీద పాతకాలం స్పీకర్ల సెట్టు ఒకటి ఇంకా ఉంది. దాని మీద 5000 వాట్స్ పీఎంపీవో అని ఎర్ర అక్షరాల్లో రాసి ఉంటుంది. మా పొలంలో బోరుకు దించిన ఐదు హెచ్‌పీ మోటారు బలం 3,730 వాట్లు. అంటే రెండెకరాల వరి తడిపే మోటారు కన్నా ఈ పాటల పెట్టె బలమైనదన్న మాట! పీఎంపీవో అంటే కంటి రెప్పపాటు కాలానికి, అదీ కాగితం మీద, ఎంత లాగగలదో చెప్పే అంకె. నిలకడగా ఎంత ఇస్తుందో చెప్పేది ఆర్‌ఎంఎస్. అది ఆ పెట్టె అడుగున, చీమ కాళ్లంత అక్షరాల్లో ఉంటే ఉంటుంది. ఈసారి బావ షాపులో ఆర్‌ఎంఎస్ అడిగి మరీ కొన్నాడు. ఆ విషయంలో మోసపోలేదు. ఆయన్ని పట్టుకున్నది వేరే అంకె.

కొత్త డబ్బా మీద 5.1.2 అని ఉంది.

బావ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. "ఒక సంఖ్యల రెండు దశాంశ బిందువులు ఏ సిలబస్‌ల ఉన్నయిరా?"

అది సంఖ్య కాదు, జాబితా అని చింటు సముదాయించాడు. ముందు, పక్కల కలిపి ఐదు శబ్దాలు, దడదడమనే సబ్‌వూఫర్ ఒకటి, పైనుంచి వచ్చేవి రెండు. బావ వదల్లేదు. మరి ఆ సబ్‌వూఫర్ పెట్టె మొత్తం పెట్టే గదా, పాయింట్ ఒకటి అని పదో వంతు ఎందుకు చేసిండ్రు? దానికీ జవాబుంది. మిగతా స్పీకర్లు సన్న గొంతు నుంచి బొంగురు గొంతు దాకా అన్నీ పలుకుతాయి. ఇది అట్టడుగు మోతలు మాత్రమే పలుకుతుంది కాబట్టి దాన్ని నిండు లెక్కలోకి తీసుకోలేదు. సైజులో మాత్రం గదిలో అన్నిటికన్నా పెద్దది అదే. మొదటి మోతకే వంటింట్లో స్టాండు మీది స్టీలు గిన్నెలు గలగలలాడాయి. అక్క పిల్లి అనుకుని చీపురు పట్టుకుని పోయింది.

ఇట్లా పైనుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి పేరు డాల్బీ అట్మాస్. 2012లో సినిమా హాళ్లతో మొదలై తర్వాత ఇండ్లలోకి దిగింది. బావ కొన్న సౌండ్‌బార్‌లో రెండు స్పీకర్లు ఆకాశం చూస్తూ ఉంటాయి. అవి శబ్దాన్ని స్లాబుకు కొడితే అది తిరిగి మన నెత్తి మీదికి వస్తుంది. హాల్లో స్లాబుకు, మనకు నడుమ ఫ్యాను ఉంది. ఎండాకాలం నల్లగొండలో ఆ ఫ్యాను ఆపి అట్మాస్ వినమంటే వినేవాడెవడూ లేడు.

అసలు రభస తీగ దగ్గర. బిగించడానికి వచ్చిన పిల్లగాడు టీవీ వెనక మూడు హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో చేతికందిన దాంట్లో తీగ గుచ్చి, స్టార్లు ఇవ్వమని చెప్పి వెళ్లిపోయాడు. సౌండ్‌బార్ మాట్లాడలేదు. మామూలుగా హెచ్‌డీఎంఐ తీగలో బొమ్మ, శబ్దం టీవీ వైపు వస్తాయి. టీవీ శబ్దం అదే తీగలో వెనక్కి సౌండ్‌బార్‌కు పోవాలంటే ఏఆర్‌సీ అని రాసి ఉన్న రంధ్రమే కావాలి. 2009 నుంచీ ఉన్న ఏర్పాటే. మూడింట్లో ఒక్కదానికే ఉంటుంది, ఆ రాత కూడా గోడ వైపు ఉంటుంది. పైగా సెట్టింగుల్లోకి పోయి, తీగతో కలిసిన పెట్టెలు ఒకదాని మాట ఒకటి వినేలా చేసే సీఈసీ అనేదాన్ని ఆన్ చేయాలి. చాలా కంపెనీలు దానికి తలా ఒక ముద్దుపేరు పెట్టుకున్నాయి. మెనూలో సీఈసీ అన్న మూడక్షరాలు ఒక పట్టాన కనపడవు.

చింటు వచ్చేదాకా ఆగలేక బావ బ్లూటూత్ కలిపాడు. బ్లూటూత్‌లో శబ్దాన్ని మూటగట్టి, పంపి, అవతల విప్పాలి. ఆ కాస్త ఆలస్యం చాలు. టీవీ స్పీకరు కూడా బంద్ కాలేదు. ముఖ్యమంత్రి ప్రతి హామీ రెండేసి సార్లు ఇచ్చాడు. "ఒక్కసారి చెప్తే నమ్మరని తెలుసు ఆయనకు" అంది వాకిట్లోంచి అత్తమ్మ.

అత్తమ్మ అంటే బావ వాళ్లమ్మ. బడి మొహం చూడలేదు. టీవీలో ఆమెకు నచ్చింది ఒక్కటే. సినిమా సెకనుకు 24 బొమ్మలతో తీస్తారు. ఈ టీవీ వాటి మధ్య తానే కొన్ని బొమ్మలు పుట్టించి ఇరికిస్తుంది. కదలిక నున్నగా జారి ఎంత పెద్ద సినిమా అయినా సీరియల్ లాగా కనిపిస్తుంది. సినిమా తెలిసినవాళ్లు ముందు ఆ సెట్టింగు ఆపేస్తారు. అత్తమ్మ ఆపనివ్వలేదు. "సీరియల్ లెక్క మంచిగున్నది, ముట్టకుండ్రి" అంది.

చింటు తీగ సరైన రంధ్రంలో పెట్టిన నాడు సాయంత్రం హైదరాబాదు టీమ్ మ్యాచ్. యాపులో ఫోర్‌కే గుర్తు వెలిగింది. గడ్డి పోచలు లెక్క పెట్టొచ్చు. సబ్‌వూఫర్ దెబ్బకు మోకాళ్లు గుంజుతున్నాయని అత్తమ్మ గడప అవతల చాప వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది.

రెండో ఓవర్లో ఆమె తల ఎత్తకుండా "పోయిండు" అంది.

"ఎవరే?"

"ఆడేటోడు."

"ఊకో అమ్మా, మంచిగ సెట్టయిండు" అన్నాడు బావ. ఆ తర్వాతి బంతికే వికెట్ ఎగిరింది. ఫోర్‌కేలో బెయిల్ గాల్లో ఎన్ని పల్టీలు కొట్టిందో కూడా కనిపించింది.

"ఇప్పుడు సిక్సు" అంది కాసేపటికి. సిక్సే. "మల్ల ఒకడు పోతడు" అంది. పోయాడు. బావ పట్టుదలగా పది రూపాయలు పందెం కాశాడు. అవి చింతపండు తట్ట కిందికి పోయాయి. ఇంకో పది. ఇంకో పది. మూడో వికెట్ కూడా ఆమె చెప్పినట్టే పడ్డాక బావ పందెం ఆపి లెక్కలోకి దిగాడు.

"ఇరవై బంతులకు ఒక వికెట్ అనుకుందాం. వరసగా మూడు చెప్పాలంటే ఇరవై ఇంటు ఇరవై ఇంటు ఇరవై. ఎనిమిది వేలల్ల ఒక వంతు!"

"ఎయిట్‌కే డాడీ" అన్నాడు చింటు.

బావ నవ్వలేదు. గొంతు తగ్గించి నాతో "ప్రతి అమాస చెర్వుగట్టు శివుని గుడికి పోతది బామ్మర్దీ. ఊకనే పోదు" అన్నాడు. లెక్కల సారు నోటి నుంచి వచ్చిన మాట ఇది.

నేను ఫోను మాట్లాడే నెపంతో గడప దాటాను. పక్కింట్లో చిన్న టీవీ, దానికి డిష్షు. ఆ ఇంటి పిల్లలు ఒక్కసారిగా "అబ్బా..." అన్నారు. అత్తమ్మ లోపలికి చూసి "పోయిండు" అంది. లోపల బౌలర్ ఇంకా రనప్ మొదలే పెట్టలేదు.

ఉపగ్రహం నుంచి డిష్షుకు వచ్చేది కొద్ది సెకన్లలో దిగిపోతుంది. యాపులో వచ్చే మ్యాచ్‌ను ముక్కలు ముక్కలుగా కోసి, కుదించి, సర్వర్లలో పెట్టి, అక్కడి నుంచి ఇంటింటికీ పంపుతారు. మధ్యలో ఆగిపోకుండా మన టీవీ కూడా కొన్ని ముక్కలు ముందే దాచిపెట్టుకుని ఆడిస్తుంది. అర నిమిషం వెనకబడటం మామూలే. ఆ అర నిమిషం మీద అత్తమ్మ దుకాణం నడుస్తోంది. "అబ్బా" అంటే వికెట్, ఈల వేస్తే సిక్సు, పళ్లెం కొడితే ఫోరు. నా మొహం చూసి ఆమెకు అర్థమైంది. తట్ట కింది నుంచి ఒక పది తీసి నా చేతిలో పెట్టింది. చింటు ఇదివరకే వాటాదారు అని కూడా అప్పుడే తెలిసింది.

ఆఖరి ఓవర్. కొట్టాల్సినవి పన్నెండు. అత్తమ్మ చెవులు రిక్కించి కూర్చుంది, బావ ఇరవై నోటు పట్టుకుని ఊగుతున్నాడు. సరిగ్గా అప్పుడు తెర మీద గుండ్రం తిరగడం మొదలైంది. నెట్ పోయింది. బావ "అరె" అంటూ రిమోట్ లాక్కుని డిష్షు డబ్బాకు మార్చాడు. బొమ్మ అలుక్కుపోయి ఉంది, బంతి ఎక్కడుందో తెలియడం లేదు. ఒక బంతి పడింది. పక్కింటి పిల్లలు, బావ, నేను, అందరం ఒకేసారి అరిచాం. అత్తమ్మ ఒక్కతే నోరు తెరవలేదు.

"డాడీ, నెట్ వచ్చింది" అన్నాడు చింటు.

"ఉండనీరా, ఇదే నడుస్తది" అన్నాడు బావ.

అత్తమ్మ చింతపండు తట్ట చంకన పెట్టుకుని లోపలికి వచ్చింది. "అన్ని పైసలు వెట్టి కొన్నవు. మనుషుల మొహాలే కనిపిస్తలేవు. ఆ ఫోర్‌కేనే పెట్టు బిడ్డా" అని, మళ్లీ పోయి గడప అవతల కూర్చుంది.