సబ్బు కాదు, మైనం
తడి నేలలో పాతిన శవంలోని కొవ్వు ‘సబ్బుగా మారిపోతుంది’ అని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. గాలి ఆడని చోట బ్యాక్టీరియా ఎంజైములు నీటి సాయంతో కొవ్వును కొవ్వు ఆమ్లాలుగా విడగొడతాయి. వాటిలో ద్రవంగా ఉండే ఓలియిక్ ఆమ్లం తగ్గిపోయి, గట్టిగా ఉండే పామిటిక్, స్టియరిక్ లాంటివి పోగవుతాయి. సోడియమో కాల్షియమో తగిలితే కొంత సబ్బూ తయారవుతుంది, కానీ ఎక్కువ భాగం ఆమ్లాలే. చదువుకునే రోజుల్లో మ్యూజియంలో ఇలా మారిన కొవ్వు పాత నమూనా ఒకటి చూశాను. బూడిద కలిసిన తెలుపు, అంచులు పెళుసుగా రాలిపోతున్నాయి. నాకైతే సబ్బు కాదు, కరిగి గడ్డకట్టిన కొవ్వొత్తి గుర్తొచ్చింది. 18వ శతాబ్దం చివర్లో దీనికి ‘అడిపోసియర్’ అని పేరుపెట్టిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఫుర్‌క్రువా కూడా కలిపింది కొవ్వు, మైనం అనే మాటలనే.